పరశురామ్ చేతికి పేరొచ్చిన కాలం

రాయచూరు పశువుల సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు. నోరు వాన గురించీ, చొప్ప గురించీ, కొత్తగా వచ్చిన తహసీల్దారు గురించీ మాట్లాడుతూ ఉంటుంది. బేరం చేతులు చేసుకుంటాయి. కొనేవాడూ దళారీ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు. పైన ఒక తువ్వాలు కప్పుతారు. ఆ చాటున కొనేవాడు దళారి వేళ్ళు పట్టుకుంటాడు. చూపుడువేలు ఒక్కటే పడితే ఒకటి, పక్కదాన్నీ కలిపితే రెండు, చిటికెన వేలిదాకా పడితే నాలుగు, బొటనవేలితో సహా పట్టేస్తే అయిదు. దాన్ని నిండు చెయ్యి అంటారు. అయిదంటే వేలా పదివేలా అన్నది ఎద్దుల్ని చూసినవాడెవడికైనా తెలుసు. అమ్మేవాడు తన ధర పొద్దున్నే దళారి చెవిలో చెప్పి పక్కకు తప్పుకుంటాడు. దళారి తల ఊపితే సౌదా ఖరారు. అడ్డంగా తిప్పితే కొనేవాడు ఇంకో వేలు కలపాలి, లేదా తువ్వాలు విదిల్చి తన దారిన పోవాలి.

పరశురామ్‌కు ఈ విద్య నేర్పినవాడు ఒక ముసలి సాహెబు. శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఒళ్ళో బియ్యమూ నూకలూ కలిపి పోసి, మీద గుడ్డ కప్పి, వేరు చెయ్యమనేవాడు. కళ్ళు సాహెబు ముఖం మీదే ఉండాలి. తన ముఖంలో ఏమీ కనపడకూడదు. కొన్నాళ్ళకు పరశురామ్ వేళ్ళకు చూపు వచ్చింది గాని ముఖం మాత్రం లొంగలేదు. మంచి ధర వేళ్ళకు తగలగానే పెదవి చివర కాస్త కదిలేది. కొనేవాళ్ళు అది కనిపెట్టి అక్కడితో ఆగిపోయేవారు. అందుకే యవ్వనమూ నడివయసూ ఆ సంతలోనే కరిగించినా అతనికి వచ్చిన పేరు ఒక్కటే: మెత్తనోడు. చెడ్డపేరు కాదు. మెత్తనోణ్ణి పెళ్ళికి పిలుస్తారు, పంచాయితీలో కూర్చోబెడతారు. మంచి జోడు అమ్మాల్సి వస్తే మాత్రం పక్క దళారి దగ్గరికి పోతారు.

డెబ్బయి దాటాక అతనికి మహర్దశ పట్టింది.

ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. అమ్మేవాడు రెండు కోరిన జోడుకు కొనేవాడు మూడు వేళ్ళు పట్టినా పరశురామ్ ముఖంలో ఈగ వాలినంత కదలిక కూడా ఉండేది కాదు. తల అడ్డంగా తిరిగేది. ఆ రాతిముఖం చూసి కొనేవాడు బెదిరి ఇంకో వేలు కలిపేవాడు. కొందరు కోపంతో తువ్వాలు లాగేసి వెళ్ళిపోయేవారనుకోండి. కాని సంత గుర్తుపెట్టుకునేది జరిగిన బేరాన్నే. జరగని బేరానికి సాక్షులుండరు. ఏడాది తిరిగేసరికి కల్లూరు నుంచి, చిక్కసూగూరు నుంచి రైతులు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. చాయ్ బండి అతను మొదటి గ్లాసు అతనికే ఇచ్చేవాడు. పొయ్యి మీంచి దింపిన చాయ్ గ్లాసును పరశురామ్ వేళ్ళ మధ్య తాపీగా పట్టుకుని కబుర్లు చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళప్పగించి చూసేవారు. ఎవడో 'ఇనుపచెయ్యి' అన్నాడు. ఆ మాట అంటుకుంది.

పరశురామ్ కూడా మారాడు. ఎర్రంచు తువ్వాలు కొత్తది కొని ఇస్త్రీ చేయించాడు. కుర్ర దళారులకు అడగకపోయినా సలహాలిచ్చాడు. ఇంట్లో భార్య సౌభాగ్య దగ్గర మాత్రం లోకం మీద విసుక్కునేవాడు.

"ఇప్పటి మందికి పిసినారితనం పట్టింది సౌభాగ్యా. ఏనుగుల్లాంటి ఎద్దుల ముందర నిలవడి రెండే రెండు వేళ్ళు పడ్తరు. సిగ్గు గిట్ల లేదు."

"అందరికీ ఒక్కపారే పట్టిందా, ఆ పిసినారితనం?" అనేది సౌభాగ్య, అతని చొక్కా గుండీలు పెడుతూ. గుండీలు ఆమే పెట్టాల్సి వస్తోంది. కంచంలో అన్నం కలుపుతుంటే ముద్ద జారిపోతోంది. పప్పులో రాయి ఏరమంటే రాయి వదిలేసి పప్పు పారేస్తున్నాడు. తెల్లవారుజామున లేచి రెండు చేతులూ తడిబట్ట విదిలించినట్టు విదిలించుకుంటున్నాడు. ఇవన్నీ ఆమె చూస్తూనే ఉంది. చూసి ఊరుకునే మనిషి కాదు గనక అల్లుడికి చెప్పింది.

అల్లుడు సూర్యప్రకాశ్‌కు బజారులో కిరాణా హోల్‌సేల్ దుకాణం. చక్కెర బస్తాల మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో వైద్యం చదివేవాడు. మామ చేతుల సంగతి సగం వినగానే తేల్చేశాడు.

"షుగర్ మామా. పక్కా షుగర్. ఈ పొద్దు నుంచి చాయ్‌ల చక్కెర బంద్."

రక్తపరీక్షలో షుగర్ లేదని వచ్చింది.

"మిషన్ ఖరాబైంటది," అన్నాడు అల్లుడు. ఇంకోచోట చేయించారు. అక్కడా లేదు. "అంటే లోపల దాక్కుంది. గిదే డేంజర్," అన్నాడు. లేని షుగర్ బయటకు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ చప్పటి చాయ్ తాగాలని తీర్మానమైంది. సౌభాగ్య మాత్రం వంటింట్లో నిలబడి తన గ్లాసులో రెండు చెంచాలు వేసుకునేది.

ఇంతలో పరశురామ్ మేడమెట్లు ఎక్కితే ఆయాసపడటం, సాయంత్రానికి కాళ్ళు ఉబ్బటం మొదలయ్యాయి. ఈసారి సౌభాగ్య అల్లుణ్ణి అడగలేదు. ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తనే తీసుకుపోయింది. అల్లుడు వెనకాలే వచ్చాడు.

డాక్టర్ మేఘా, సింధనూరు వైపు కాలువ కింది క్యాంపులో పుట్టిన పిల్ల. తాతలు కోస్తా నుంచి వచ్చి అక్కడ వరి వేసుకున్నారు. ఆ యాస ఇంకా పోలేదు. ఆమె గుండె విన్నది, కాళ్ళు నొక్కి చూసింది, తరవాత చేతులు అడిగింది.

"తాతగారూ, కళ్ళు మూసుకోండి. నేను మీ వేళ్ళు పట్టుకుంటాను. ఎన్ని పట్టుకున్నానో చెప్పాలి."

పరశురామ్ నవ్వాడు. నూకలూ బియ్యమూ ఏరిన చేతిని అడగాల్సిన ప్రశ్నేనా! కళ్ళు మూసుకుని సంతలో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"రెండు," అన్నాడు ధీమాగా.

కళ్ళు తెరిచాడు. చూపుడువేలి నుంచి చిటికెన వేలిదాకా నాలుగు వేళ్ళూ డాక్టరు పిడికిట్లో ఉన్నాయి.

"నాలుగు పట్టిందయ్యా డాక్టరమ్మ," అంది సౌభాగ్య మెల్లగా.

ఆ ఒక్క క్షణంలో పరశురామ్‌కు తన కీర్తి అంతా మొదటి నుంచి చివరిదాకా అర్థమైంది. పిసినారులైపోయింది లోకం కాదు. ఆ రెండు వేళ్ళవాళ్ళందరూ నాలుగు పట్టినవాళ్ళే. రాతిముఖం సాహెబు పెట్టిన భిక్ష కాదు. మంచి ధర వేళ్ళకు తెలిస్తే కదా పెదవి కదిలేది!

డాక్టరు ఇదేమీ ఎరగక చెప్పుకుపోతోంది. రెండు మణికట్లలోనూ నరం నలుగుతోంది, అందుకే బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ మొద్దుబారాయి, ఆ పక్కది సగం. చిటికెన వేలికి వేరే నరం గనక అది బాగుంది. గుండె గోడ కూడా మందంగా ఉంది. "రెండు చేతులకీ ఇది రావడం, గుండె ఇలా ఉండటం, రెండూ కలిస్తే నాకో అనుమానం ఉందండి. మణికట్టుకి చిన్న ఆపరేషన్ చేసి, అక్కడి ముక్క కొంచెం పరీక్షకి పంపిద్దాం."

"ఆపరేషన్ చేస్తె వేళ్ళు మల్ల తెలుస్తయా?"

"చాలావరకు తెలుస్తాయండి."

పరశురామ్ తన వేళ్ళు తిప్పి చూసుకున్నాడు. "తెలుస్తనే ఉండాల్నా?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్న ఆమెకు చదువులో ఎక్కడా తగిలి ఉండదు.

దారిలో ఆటోలో సౌభాగ్య అడిగింది. "ఏందయ్యా నీ ఫికర్? కోస్తరని భయమా?"

"భయం కాదే. ఇన్నేళ్ళకు పేరొచ్చింది. వేళ్ళొస్తె మల్ల మెత్తనోడు అంటరు."

"గుండె ఆగిపోతె గట్టోడు అంటరా?"

పరశురామ్ రెండు రోజులు కూర్చుని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇప్పుడు తన లోపం తనకు తెలుసు. చేతికి రెండు తగిలితే అవి నాలుగు. అంతే కదా! మనసులో సరిచేసుకుంటే సరి, ఏ రైతుకూ నష్టం ఉండదు, పేరూ ఉంటుంది, కత్తీ తప్పుతుంది.

ఆ వారం సంతకు గబ్బూరు నుంచి హనుమంత వచ్చాడు. రెండెకరాల రైతు. కాటుక పూసినట్టున్న కళ్ళతో, నిగనిగలాడే తెల్లజోడు తెచ్చాడు. పరశురామ్‌ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు.

"అయిదు రావాలె మామా. అంతకు తక్కువైతె ఒద్దు. గడ్డివామి అడుగంటింది. ఈ వారం గూడ అమ్మకపోతె వాటి ముందర నా ధోతి ఎయ్యాలె."

కొనడానికి వచ్చినవాడు కల్లూరు అమరేశ్. పళ్ళు చూశాడు, నడిపించాడు, తోక పైకెత్తాడు. వానల గురించి రెండు మాటలు మాట్లాడి చెయ్యి చాపాడు. ఎర్రంచు తువ్వాలు పడింది.

ఉంగరం వేలి మీద కొంచెం, చిటికెన వేలి మీద గట్టిగా ఒత్తిడి తగిలింది. రెండు. అంటే నాలుగు. పరశురామ్ తల అడ్డంగా తిప్పాడు. అమరేశ్ కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ పట్టాడు, ఈసారి మోచెయ్యి కదిలేటట్టు గుంజాడు. తగిలింది మాత్రం అవే రెండు. పరశురామ్ మళ్ళీ తల తిప్పాడు.

అమరేశ్ తువ్వాలు లాగి అతని భుజం మీద వేశాడు. "నీ ఎద్దులతోని నువ్వే దున్నుకో కాకా!"

చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా నవ్వారు. ఇనుపచెయ్యి అంటే అదీ.

కాసేపటికి చాయ్ బండి దగ్గర అమరేశ్ ఇంకో జోడు కొనేసి కనిపించాడు. కోపం ఇంకా దిగలేదు. "నిండు చెయ్యి ఇచ్చిన గద కాకా! బొటనేలు సుత పట్టి గుంజితిని, రెండుపార్లు! ఇంకేం ఇయ్యాలె? కాలు గూడ పెట్టాల్నా టువ్వాల కింద?"

బొటనవేలు! పరశురామ్ లెక్కలో బొటనవేలు లేదు. నాలుగు పట్టినా, నిండు చెయ్యి పట్టినా అతనికి తెలిసేది అవే రెండు వేళ్ళు. రెండు రోజులు కూర్చుని కట్టిన ఉపాయం ఆ ఒక్క వేలి దగ్గర కూలిపోయింది.

హనుమంత ఎద్దుల్ని మళ్ళీ టెంపో బండి ఎక్కిస్తున్నాడు. అడిగింది అడిగినట్టు దొరికిన ధర పోయిందని అతనికి తెలియదు. తిట్లు తినడానికి సిద్ధపడి పరశురామ్ అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"హౌదు మామా, గిదీ దలాల్ అంటె!" అన్నాడు హనుమంత పెద్ద గొంతుతో, పదిమందికీ వినబడేలా. "వాడు గుంజుతనే ఉన్నడు, నువ్వు కొండలెక్క నిలవడితివి. నా ఎద్దుల ఇజ్జత్ కాపాడినవ్."

ఇజ్జత్ దక్కిన ఎద్దులు ఖాళీ బండిలో గడ్డిపోచ కోసం నేల నాకుతున్నాయి.

పరశురామ్ వాటి వైపు చూసి, "రెండు నెలలు ఆగు హనుమంతా. చొప్ప నేను పంపుత. ఎవ్వరికీ అమ్మకు. మల్ల నేనే పెడ్త చెయ్యి," అన్నాడు. మరునాడే గబ్బూరుకు జొన్న చొప్ప బండి వెళ్ళింది. దానితో అతని పేరు ఇంకో మెట్టు ఎక్కింది. మంచి ధర కోసం పరాయి ఎద్దులకు మేత వేసి మరీ ఆపుతున్నాడు, ఇలాంటి దలాల్ దేశంలో లేడని చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడిన రోజు అతను సౌభాగ్యను పిలిచి, "డాక్టరమ్మ ఏ దినం రమ్మంది?" అన్నాడు.

కుడి మణికట్టుకు కోత పడింది. ముక్క పరీక్షకు వెళ్ళింది. మరికొన్ని రక్తపరీక్షలూ ఒక స్కానూ అయ్యాక మేఘా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"మనకి కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్ ఉందండి. నాలుగు ముక్కలు ఒకే కాడికి కట్టినట్టు కలిసి రక్తంలో తిరుగుతాయి. వయసు మీద పడ్డాక కొందరిలో ఆ కాడి విడిపోతుంది. విడిపోయిన ముక్క మడత తప్పుతుంది. అలా మడత తప్పినవి ఒకదానికొకటి అతుక్కుని సన్నటి దారాల్లా పేరుకుంటాయి. దాన్నే అమిలాయిడ్ అంటాం. మీ మణికట్టు ముక్కకి ఎర్ర రంగు వేసి ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే ఆకుపచ్చగా మెరిసింది. గుండెలో పేరుకుంటోందీ అదేనండి. చేతులు ముందు కబురు పంపాయన్నమాట."

"అన్ని దిక్కులా తిరిగేటివి, ఒక్కతాన ఎట్ల కలుస్తయి?" పరశురామ్ వృత్తి మనిషి గనక అదే అడిగాడు.

మేఘాకు ఆ ప్రశ్న నచ్చింది. "మంచి మాట అడిగారు. మన కణాల మీద, కణాల మధ్య ఖాళీల్లో, పొడుగాటి చక్కెర గొలుసులు ఉంటాయండి. హెపరాన్ సల్ఫేట్ అని—"

"నేను చెప్పలే?" సూర్యప్రకాశ్ కుర్చీలోంచి సగం లేచాడు. "చక్కెర! మొదటి దినం నుంచి మొత్తుకుంటున్న!"

"చాయ్‌లో చక్కెర కాదండీ. అది తిన్నా మానినా వీటికి సంబంధం లేదు. శరీరం తనకి తనే అల్లుకునే గొలుసులివి. వీటికి పట్టుకునే గుణం ఎక్కువ. విడిగా తిరిగే ముక్కలు వచ్చి వీటి మీద వాలతాయి, పక్కపక్కన వరసగా నిలబడతాయి. మామూలుగా ఎప్పటికో కలిసేవి అక్కడ త్వరగా కలిసిపోతాయి. కలిశాక శరీరం వాటిని ఊడ్చేద్దామనుకున్నా, ఈ గొలుసులు కప్పుకుని కాపాడతాయని కూడా అంటున్నారు. ఈ రకం జబ్బు ఏ అవయవంలో చూసినా, మతిమరుపు జబ్బులో మెదడులో చూసినా, ఆ దారాల పక్కన ఈ గొలుసులు కనపడతాయండి. వీటి తప్పు ఎంతన్నది ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు."

పరశురామ్ కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. "అంటె నా లోపల గూడ దలాల్ ఉన్నడు."

మేఘా నవ్వేసింది. "అలాగే అనుకోండి."

"వానికి దలాలీ ఎంత?"

"ఏమీ లేదండి. వాటి ఉద్యోగమే అది. మంచి ప్రొటీన్లనీ అలాగే పట్టుకుని ఉండాల్సిన చోట ఉంచుతాయి. అవి లేకపోతే కడుపులో బిడ్డే ఎదగదు. వచ్చిన సరుకు మంచిదా చెడ్డదా అన్నది చూడవు, అంతే."

"ఫుకట్ల పనిచేసే దలాల్!" పరశురామ్‌కు అది జబ్బు కంటే ఎక్కువ ఆశ్చర్యం. "వాణ్ణి సంత నుంచి తరుమలేమా?"

"తరిమితే సంతే ఉండదు తాతగారూ. ఆ పట్టు ఒక్కదాన్నే విడిపించే మందుల కోసం వెతుకుతున్నారు, ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడున్న మాత్ర ఆ కాడి విడిపోకుండా పట్టి ఉంచుతుంది. కొత్తగా పేరుకోవడం నెమ్మదిస్తుంది. ఇప్పటికే పేరుకున్నది ఉంటుంది. దానితో జాగ్రత్తగా బతకాలి."

సౌభాగ్య అందుకుంది. "ఈయన కలపాల్సినోళ్ళను కలపకపాయె. లోపలోడేమో కలపరానివాటిని కలిపె. ఇంట్ల ఇద్దరు దలాల్లు, ఒక్కడికీ పని రాదు."

పరశురామ్ ఆ రోజు భార్యను మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు. అల్లుడు మాత్రం వెనక్కి తగ్గలేదు. వారం తిరక్కుండా దుకాణం ముందు 'ప్రొటీన్ పేరుకోని బెల్లం' అని బోర్డు పెట్టాడు. బాగా అమ్ముడుపోయిందని విన్నాను. మేఘా డాక్టరుగారి తల్లి కూడా రెండు కిలోలు కొన్నదట.

కట్టు విప్పాక సౌభాగ్య భర్త ఒళ్ళో పళ్ళెం పెట్టి, బియ్యమూ నూకలూ పోసి, ఎర్రంచు తువ్వాలు కప్పింది. మొదట్లో అంతా ఇసుకలా ఉండేది. తరవాత మధ్యవేలికి గింజ తెలిసింది. ఒకరోజు, "ఇది నూక," అన్నాడు. అది నూకే. బొటనవేలు అందరికంటే ఆలస్యంగా వచ్చింది, పెళ్ళికి పెద్దమనిషి వచ్చినట్టు.

చెప్పిన గడువుకు హనుమంత తెల్లజోడును తోలుకొచ్చాడు. మేత బాగా పడి మిసమిసలాడుతున్నాయి. జనం గుమిగూడారు. ఇనుపచెయ్యి ఆపరేషన్ తరవాత చేసే మొదటి బేరం, పైగా మేత వేసి ఆపిన జోడు. ఎంతసేపు బిగబడతాడో చూడాలి. ఆయాసం వస్తుందని పరశురామ్‌కు కుర్చీ వేశారు. చిక్కసూగూరు రైతు ఒకడు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. తువ్వాలు పడింది.

ముందు చూపుడువేలు. దాని మీద ఆ రైతు అరచేతి కాయ గరుగ్గా తగిలింది. తరవాత మధ్యవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. చెమట తడి తెలిసింది. కొడవలి గీత ఒకటి తెలిసింది. పరశురామ్ తల కదపకుండా ఆగాడు. అప్పుడు ఆ ముతక చెయ్యి జరిగి, బొటనవేలిని కూడా చుట్టుకుని, గట్టిగా ఒక్కసారి గుంజింది.

నిండు చెయ్యి.

పెదవి చివర కదిలింది. అతను దాచుకోలేదు. తల ఊపేశాడు.

"అయ్యో!" అన్నారు వెనక ఎవరో, ఆట మొదటి బంతికే అయిపోయినట్టు.

జోడు చేతులు మారింది. హనుమంతకు కోరిన ధర కోరినట్టు చేతిలో పడింది. అయినా అతని ముఖం చిన్నబోయింది. దగ్గరికి వచ్చి నసిగాడు.

"తప్పనుకోకు మామా. వాడు ఇంకొంచెం ఎక్కుతుండె. అంత జల్దీ ఇడిస్తివి. మునుపటి లెక్క ఉంటె..."

"నువ్వడిగింది వచ్చెనా లేదా?"

"వచ్చె. వచ్చింది గాని..." హనుమంత తల గోక్కుని వెళ్ళిపోయాడు.

పరశురామ్ మెల్లగా నడిచి చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. పక్కనే నలుగురు అతనికి వినబడుతుందని చూసుకోకుండా మాట్లాడుకుంటున్నారు.

"అయిపోయింది. కోసినంక చేతిల జోర్ పోయింది."

"జోర్ కాదు, గుండె. గుండెకు ఏందో పట్టిందంట. ఎట్లాంటి మనిషి! నిన్న మొన్నటిదాంక కొండ."

"మొదటి నుంచి మెత్తనోడే లేవప్పా. నడుమల ఏదో నసీబ్ గలిసొచ్చింది."

చాయ్ బండి అతను ఎప్పటిలాగే పొయ్యి మీది గిన్నెలోంచి నేరుగా పోసి గ్లాసు అందించాడు. పరశురామ్ ఎప్పటిలాగే వేళ్ళతో పట్టుకున్నాడు.

"హబ్బా!"

గ్లాసు బల్ల మీద పడబోయి నిలిచింది. నలుగురూ ఇటు తిరిగారు.

"ఏంది కాకా, కాలిందా?" అన్నాడు బండి అతను నమ్మలేనట్టు.

"కాలింది," అన్నాడు పరశురామ్. బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలి మీదా నెమ్మదిగా ఊదుకున్నాడు. అయిదూ మండుతున్నాయి. ఎర్రంచు తువ్వాలు భుజం మీంచి తీసి గ్లాసుకు చుట్టి పట్టుకున్నాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర ఎయ్యలేదేందిరా?"

"మీ అల్లుడు ఒద్దన్నడు గద."

"వానికి బెల్లం అమ్ముకోమను. నువ్వు రెండు చెంచాలెయ్యి."